తులసి వరసలో నీలి చారలు

మాది ఏ ఊరని ఆఫీసులో ఎవరడిగినా "హనుమాన్ జంక్షన్ దగ్గర" అంటాను. వెంటనే "ఓ, సినిమా!" అంటారు. 2001లో వచ్చిన ఆ సినిమా పుణ్యమా అని మా ఊరికి పరిచయం అక్కర్లేదు. కానీ అలాంటి ఊరు నిజంగా ఉందని, అక్కడ మనుషులు టీ తాగి బస్సులెక్కుతారని సగం మందికి తెలీదు.

హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారేలోపు దింపేస్తాడు. బైపాస్ పడ్డాక పెద్ద బళ్ళు ఊళ్ళోకి రావడం తగ్గింది కాబట్టి, ఒక్కోసారి చీకట్లో బ్యాగు మోసుకుంటూ నడవాలి. సెంటర్‌కి రాగానే ఆంజనేయస్వామి గుడి, ఎదురుగా టీ బడ్డీలు, తమలపాకుల దండలు కట్టుకునే ఆడవాళ్ళు. ఇక్కణ్ణుంచి నాలుగు దారులు. పడమరకి పోతే సుమారు 40 కిలోమీటర్లలో విజయవాడ, తూర్పుకి ఏలూరు, దక్షిణానికి గుడివాడ, ఉత్తరానికి నూజివీడు.

మీరెప్పుడైనా ఇటు వస్తే ఒక పని చెయ్యండి. ముందు గుడివాడ రోడ్డులో పది నిమిషాలు, తర్వాత వెనక్కొచ్చి నూజివీడు రోడ్డులో పది నిమిషాలు బండి మీద వెళ్ళండి. అటు నల్లమట్టి, కాలవలు, వరి చేలు. ఇటు మెల్లగా ఎర్రనేల మొదలై, ఆ తర్వాత రెండు వైపులా మామిడి తోటలే. రెండు వేరే రాష్ట్రాల్లా ఉంటాయి. ఆ గీత మీద కూర్చున్న ఊరు మాది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది, జంక్షన్ కృష్ణాలోనే ఉండిపోయింది. దాంతో మా ఇల్లు ఒక జిల్లాలో, తోట ఇంకో జిల్లాలో. ఈ ఒక్క ముక్క ఆధార్ సెంటర్లో చెప్పి ఒప్పించడానికి నాన్నకి ఒక పూట పట్టింది.

తోట మూడున్నర ఎకరాలు. తాతయ్య వేసింది. ఎక్కువ బంగినపల్లి, ఓ పక్కన చిన్నరసాలు, గట్టు మీద కలెక్టరు చెట్లు నాలుగు. నేను నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ళు చదివాను. ఆ ఆరేళ్ళూ హాస్టల్ నుంచి ఇంటికెళ్ళే దారిలోనే తోట ఉండేది. ఒక్క చెట్టు పేరు కూడా సరిగ్గా తెలుసుకోలేదు. ఎండాకాలం వస్తే కాయలు తినడం, ఫోటో పెట్టడం, అంతే.

ఇప్పుడు మా కంపెనీ నెలకో వారం ఇంటి నుంచి పని చేసుకోనిస్తోంది. రెండేళ్ళ కిందట అలాంటి ఒక వారంలో, పెరట్లో మంచం వేసుకుని, ఒక పొడుగాటి మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకుని కూర్చున్నాను. తులసి కోట దగ్గర ఏదో మోగుతోంది. మామూలు తేనెటీగ మోత కాదు, కాస్త పై శ్రుతిలో, ఆగి ఆగి. వెళ్ళి చూస్తే బొద్దుగా ఉన్న ఒక ఈగ గాల్లో నిలబడుతోంది, చటుక్కున ఇంకో వెన్ను దగ్గరికి దూకుతోంది, మళ్ళీ నిలబడుతోంది. పొట్ట మీద మెరిసే నీలి చారలు. ఫోన్‌తో ఇరవై ఫోటోలు తీస్తే ఒక్కటి వచ్చింది. ఆ ఒక్కటీ సెర్చ్‌లో పెట్టాను. నీలి చారల తేనెటీగ, శాస్త్రీయ నామం అమెగిల్లా.

ఇది తేనెపట్టు పెట్టదు. రాణి, కూలీలు ఏమీ లేవు. ప్రతి ఆడ ఈగా తన గూడు తనే తవ్వుకుంటుంది, గట్టు మట్టిలోనో, పాత మట్టి గోడలోనో. టమాటా, వంగ లాంటి పూలని పట్టుకుని గట్టిగా ఒళ్ళు కంపింపజేసి పుప్పొడి రాల్చుకునే విద్య దీనికి తెలుసు. మామూలు తేనెటీగకి ఆ విద్య లేదు. మా పెరటి వెనక గొడ్లపాక తాలూకు మట్టి గోడ ఇంకా సగం నిలబడి ఉంది. పెన్సిల్ పట్టేంత కన్నాలు దాని నిండా. చిన్నప్పుడు వాటిలో పుల్లలు గుచ్చి ఆడుకున్న గోడే అది. పుల్లలు గుచ్చింది ఎవరి ఇంట్లోకో ఇన్నేళ్ళకి తెలిసింది.

నా బుర్రలో తోట మెదిలింది. మామిడి పూసేది ఏడాదికోసారి. డిసెంబరు, జనవరిలో పూత మొదలై, ఫిబ్రవరి దాటాక పిందె. ఆ కొన్ని వారాలు తోటంతా పూలే. మిగతా పది నెలలు? చెట్ల కింద దున్ని, గడ్డి మందు కొట్టి, నేలని అద్దంలా ఉంచుతారు. అది శుభ్రమైన తోట అని ఊళ్ళో మెచ్చుకుంటారు కూడా. పది నెలలు తిండి లేనిచోట ఏ పురుగు కాపురం ఉంటుంది? పూత రాగానే మాత్రం అవన్నీ ఎక్కణ్ణుంచో ఊడిపడాలని మన ఆశ.

తులసి అలా కాదు. మన వాతావరణంలో దాదాపు ఏడాది పొడుగూ వెన్నులు వేస్తుంది. రెండు మూడేళ్ళు బతుకుతుంది, ఆపైన కాండం కట్టెలా గట్టిపడుతుంది, అప్పటికే దాని కింద పిల్ల మొక్కలు లేచి ఉంటాయి. ఎర్రనేల సరిపోతుంది, నీళ్ళు నిలవకపోతే చాలు. గొర్రెలూ మేకలూ పెద్దగా ముట్టుకోవు. తోటలో ఒక వరస తులసి వెయ్యాలని నేననుకున్నది ఇంత లెక్క మీదే.

నాయనమ్మ ఒప్పుకోలేదు. తులసి అంటే ఇంట్లో కోటలో ఉండే మొక్క. క్షీరాబ్ది ద్వాదశికి ఉసిరి కొమ్మ పక్కన పెట్టి పెళ్ళి చేసే తల్లి. దగ్గొస్తే నాలుగాకులు, రెండు మిరియాలు వేసి కషాయం కాచుకునేది. దాన్ని పొలంలో వరసగా వేసి, చెప్పులతో మధ్యలో తిరుగుతారా? రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే ఎండు వెన్నులు ఒక గుడ్డలో కట్టి తెచ్చి నా లాప్‌టాప్ మీద పెట్టింది. "కోటలోది పూజ తులసి. ఇది పని తులసి. దీనికి దణ్ణం పెట్టక్కర్లేదు, తొక్కకుండా ఉంటే చాలు" అంది. ధర్మసందేహం తీరిపోయింది.

వెయ్యడం కష్టమేమీ కాదు. వెన్ను పూర్తిగా ఎండి గోధుమ రంగుకి తిరిగాక అరచేతిలో నలిపితే గింజలు రాలతాయి, ఆవాల కన్నా చిన్నవి. వాటిని పొడి ఇసుకతో కలిపి ట్రేలో చల్లాలి. పైన మట్టి మందంగా కప్పితే రావు. నేను మొదటిసారి అదే చేశాను, ఒక్కటీ మొలవలేదు. రెండోసారి ఊరికే చేత్తో అదిమి, నీళ్ళు పోయకుండా చిలకరించాను. పది రోజుల్లో పచ్చగా లేచాయి. ఆరు వారాల మొక్కల్ని తొలకరి పడ్డాక గట్టు వెంబడి, ఎండ బాగా తగిలే చోట, మూర దూరంలో ఒక్కొక్కటీ నాటాం. కాపలా ఉండే బాబాయ్ (చుట్టరికం ఏమీ లేదు, నేను పుట్టకముందు నుంచీ తోటలో ఉన్నాడు) గుంతలు తీశాడు. సగం లక్ష్మీ తులసి, సగం కృష్ణ తులసి. మొత్తం అరవై మొక్కలు. దసరాకి మోకాలెత్తు.

ఒక చిక్కు వచ్చింది. ఇంట్లో తులసికి వెన్ను రాగానే తుంచేస్తాం. తుంచితేనే మొక్క గుబురుగా పెరుగుతుంది, ఎక్కువ కాలం ఉంటుంది. తుంచితే పువ్వు లేదు, పువ్వు లేకపోతే ఈగ రాదు. మనకి ఆకు కావాలి, దానికి పువ్వు కావాలి. నాయనమ్మే దారి చెప్పింది: వారానికి ఒక మొక్క వదిలి ఒక మొక్కకి తుంచమంది. ఎప్పుడు చూసినా సగం వరస పూలతో ఉండేది, మిగతా సగం చిగురిస్తూ ఉండేది.

ఆ శీతాకాలం నేను ఊరికి వచ్చినప్పుడల్లా పొద్దున్నే వరస పక్కన స్టూలు వేసుకుని, పది నిమిషాలు టైమర్ పెట్టి లెక్కపెట్టేదాన్ని. అలవాటు, లాగ్ లేకపోతే నాకు నిద్ర పట్టదు. నీలి చారలవి, తొర్రల్లో పట్టు పెట్టే మామూలు తేనెటీగలు, కుట్టని బుల్లి తేనెటీగలు. ఇంకా తేనెటీగలా వేషం వేసుకుని గాల్లో ఒకేచోట నిలబడే ఈగలు. ఈ ఆఖరివాటిని మొదట్లో లెక్కలోకే తీసుకోలేదు. తర్వాత తెలిసింది, మామిడికి అసలు చుట్టాలు ఇవేనని. మామిడి పూతలో పరాగం మోసే పని ఎక్కువగా ఈగలది. మనం చేత్తో తోలే ఈగలు కూడా అందులో ఉన్నాయి. ఒక్కో పూరెమ్మకి వందల్లో, ఒక్కోదానికి వేలల్లో పూలుంటాయి. వాటిలో చాలా మటుకు మగ పూలే. అన్నీ కలిపి ఒక రెమ్మకి చివరిదాకా నిలిచేది ఒక కాయ, రెండు కాయలు, చాలాసార్లు సున్నా. ఇంత సన్నటి లెక్క మీద మా ఇంటి ఏడాది ఆదాయం నడుస్తోందని నాకు ఇరవై ఏడేళ్ళకి తెలిసింది.

జనవరిలో పూత విచ్చింది. ఆ వాసన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పలేను. ఆ నెల వారం సెలవు పెట్టి వచ్చాను. రెండో రోజు పొద్దున స్టూలు పట్టుకుని వెళ్తే, తులసి కింద ఎర్రమట్టి మీద తేనెటీగలు పడి ఉన్నాయి. కొన్ని ఇంకా కాళ్ళు కొట్టుకుంటున్నాయి. వెల్లకిలా పడి గింగిరాలు తిరుగుతున్నాయి. ఆ రోజు లాగ్‌లో నేను పెట్టిన అంకె చచ్చినవాటిది.

ముందురోజు మధ్యాహ్నం తోటకి మందు కొట్టారు.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. చాలామంది రైతులు కాయ కోసి అమ్ముకోరు. పూత మీదే కాపు వ్యాపారికి గుత్తకిచ్చేస్తారు. వ్యాపారి ముందే డబ్బిస్తాడు. అక్కణ్ణుంచి మందులు కొట్టడం, కోయించడం అన్నీ ఆయనే చూసుకుంటాడు. రైతుకి బెంగ లేదు. కానీ ఆ రెండు మూడు నెలలు తోట మీద మాట చెల్లేది ఆయనదే. మా తోట తీసుకున్నాయన చెడ్డవాడేమీ కాదు. తేనెమంచు పురుగు పడితే పూత జిగురుకట్టి, మసిబారి, రాలిపోతుంది. పెట్టిన డబ్బంతా పోతుంది. అందుకని పురుగు ఉన్నా లేకపోయినా ముందే కొట్టిస్తాడు. కొట్టింది ఇమిడాక్లోప్రిడ్. ఆ పురుగు మీద బాగా పనిచేస్తుంది, తేనెటీగల మీద ఇంకా బాగా పనిచేస్తుంది. యూరోప్‌లో 2018లో దాన్ని ఆరుబయట పంటల మీద వాడకూడదన్నారు. ఇక్కడ ఏ మందుల కొట్లో అడిగినా ఇస్తారు.

నాన్న మీద అరిచాను. ఆయన నెమ్మదిగా ఒకటే అడిగాడు. "పాపా, అవి మన తోటకి ఎందుకొచ్చాయి?"

సమాధానం నా నోట్లోనే ఆగిపోయింది. నేను పిలిస్తే వచ్చాయి. తులసి లేని రోజుల్లో మా గట్టు మీద ఇన్ని తేనెటీగలు లేవు. అన్నం పెడతానని పిలిచి, పక్క చెట్టుకి మందు కొట్టించాను. పరాగం మోసే పురుగుల కోసం మొక్కలు పెంచండని చెప్పే వీడియోలు ఎన్నో చూశాను. పక్కన ఏం కొడుతున్నారో ముందు చూసుకోమని ఒక్కరూ చెప్పినట్టు గుర్తు లేదు. నగరంలో బాల్కనీలో అయితే ఆ ప్రశ్నే రాదు. తోటలో మొదటి ప్రశ్న అదే.

మేలో ఇంకో గొడవ. కాయ పక్వానికొచ్చే టైములో పండు ఈగ వస్తుంది. ఆడ ఈగ కాయ తోలులో గుడ్లు పెడితే, పైకి బంగారంలా ఉన్న పండు కోస్తే లోపల పురుగులు. ఈ ఈగ కనబడిందనే 2014లో యూరప్ వాళ్ళు మన దేశపు మామిడిని కొన్ని నెలలు రానివ్వలేదు. దీన్ని పట్టడానికి తోటల్లో సీసాలు వేలాడదీస్తారు. వాటిలో మిథైల్ యూజినాల్‌లో నానబెట్టిన చెక్కముక్క ఉంటుంది. ఆ వాసనకి మగ ఈగలు వచ్చి పడతాయి. ఒకరోజు బాబాయ్ తులసి ఆకు ఒకటి నలిపి, సీసా పక్కన పెట్టి, "రెండూ వాసన చూడు పాపా" అన్నాడు. పూర్తిగా ఒకటి కాదు కానీ చుట్టరికం తెలిసిపోతోంది. తులసి ఆకులో సహజంగానే అది ఉంటుంది, రకాన్ని బట్టి ఎక్కువ తక్కువ. ఆకులు నలిపి, నీళ్ళు కలిపి, కాస్త మందు వేసి కొబ్బరి చిప్పల్లో తోటలో పెట్టడం మన దేశంలో తెలిసిన పద్ధతే.

"అంటే నువ్వు అరవై చెట్ల పండు ఈగ ఎర పెంచుతున్నావు" అన్నాడు నాన్న. ఆ నవ్వులో వెటకారం ఉంది కానీ ప్రశ్న సరైనదే. నా దగ్గరున్న జవాబు సగమే. వాసనకి వచ్చేది మగవి, గుడ్లు పెట్టేది ఆడవి. ఆకు నలిగితే వాసన బాగా బయటికొస్తుంది. కాబట్టి కాయలున్న రోజుల్లో తులసిని కొట్టకూడదు, తుంచితే ఆ ఆకుని చిప్పలో వేసి ఉపయోగించుకోవాలి, వరస కాయ చెట్ల మధ్యలో కాకుండా గట్టునే ఉండాలి. ఇంత చెప్పాక నాన్న వరస పీకించలేదు. ఒప్పుకున్నాడని అనను.

ఒప్పుకున్నది అక్టోబరులో. ఒక సాయంత్రం చీకటి పడ్డాక పంపు ఆపడానికి ఇద్దరం తోటకి వెళ్ళాం. షెడ్డు వైపు తులసి మీద ఫోన్ లైటు వేసి చూపించాను. ఎండిన వెన్నుల్ని నోటితో కరిచి పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, వరసగా వేలాడుతూ నిద్రపోతున్నాయి నీలి చారలవి. మగవి. వాటికి గూడు ఉండదు, రాత్రయితే ఇలా ఏ పుల్లనో కరుచుకుని పడుకుంటాయి. ఒకే పుల్ల మీద ఆరు. గాలికి పుల్ల ఊగితే అన్నీ కలిసి ఊగుతున్నాయి. నాన్న చాలాసేపు చూశాడు. ఆయన పుట్టి పెరిగిన తోట అది. "ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాయా ఇవి?" అన్నాడు.

డిసెంబరులో గుత్త మాట్లాడటానికి వ్యాపారి వచ్చినప్పుడు నాన్న ఒక షరతు పెట్టాడు. మొగ్గ దశలో ఒకసారి, పిందె బఠాణీ గింజంత అయ్యాక ఒకసారి కొట్టుకోవచ్చు. పూత విచ్చి ఉన్నప్పుడు మాత్రం మాకు చెప్పకుండా కొట్టకూడదు. తప్పనిసరైతే పొద్దుగూకాకే. ఆయన ఎగాదిగా చూశాడు. "ఈగల కోసమాండీ?" అన్నాడు. చివరికి నలభై వేలు తగ్గించి ఒప్పుకున్నాడు. నాయనమ్మ లోపలి నుంచి అంతా వింటోంది. నలభై వేలంటే ఆవిడ కంటి ఆపరేషన్‌కి అనుకున్న డబ్బు. నేనిస్తానన్నాను. "నీ డబ్బు నీ పెళ్ళికి" అంది. ఆ టాపిక్ అక్కడితో ఆపేశాను.

చుట్టుపక్కల తోటలు ఒకటొకటిగా ఆయిల్‌పామ్‌కి మారుతున్నాయని మీకు చెప్పలేదు కదా. పెదవేగిలో దానికి జాతీయ పరిశోధన సంస్థే ఉంది. నెలనెలా డబ్బులొస్తాయి, పూత బెంగ లేదు. దాని పరాగం మొయ్యడానికి ఆఫ్రికా నుంచి తెచ్చిన ముక్కు పురుగు ఒకటుంది, మన తేనెటీగలతో దానికి పని లేదు. మామిడి నాలుగేళ్ళు దెబ్బతింటే నాన్న కూడా అటే చూస్తాడు. ఆయన్ని తప్పు పట్టలేను. అందుకే ఆ నలభై వేలు నాకు బరువుగా ఉంది.

ఈ జనవరిలో పూత సగం విచ్చాక మంచు పట్టింది. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. రాత్రి తొమ్మిదింటికి నాన్న ఫోన్. "పాపా, పడమర వైపు చెట్లకి పురుగు కనబడుతోంది. వ్యాపారి రేపు కొట్టాలంటున్నాడు. ఏం చేద్దాం?"

తోట విషయంలో నాన్న నన్ను "ఏం చేద్దాం" అని అడగడం అదే మొదటిసారి. నాకూ తెలీదు. వద్దంటే, పూత పోతే? గంటసేపు మాట్లాడుకున్నాం. పడమర వైపు పురుగున్న చెట్లకే కొట్టాలి, చీకటి పడ్డాకే. పొద్దున్నే నాయనమ్మా బాబాయ్ కలిసి ఆ వైపు తులసి వెన్నులన్నీ తుంచెయ్యాలి, పువ్వు లేకపోతే తేనెటీగ ఆ పక్కకి తక్కువ వస్తుంది. షెడ్డు వైపు నిద్రపోయేవి ఉంటాయి కాబట్టి అటు మందు పోకూడదు. తుంచడం మనింట్లో ఉన్న పాత అలవాటే. నేను ఫీచర్ ఆఫ్ చెయ్యడం అంటాను, నాయనమ్మ వెన్నులు గిల్లడం అంటుంది. రాత్రి కొట్టినా మందు పూతలో కొన్నాళ్ళు ఉంటుందని నాకు తెలుసు. ఆ మాట నాన్నకి కూడా చెప్పాను. "తెలుసు, ఇంతకన్నా ఏం చెయ్యగలం?" అన్నాడు.

ఆ రాత్రి నెత్తికి లైట్లు కట్టుకుని కొట్టారట. పగటి కూలికన్నా రెండు వందలు ఎక్కువడిగారు.

మర్నాడు పొద్దున్న స్టాండప్ మీటింగ్‌లో ఉండగా వాట్సాప్‌లో నాన్న ఫోటో వచ్చింది. వంకరగా తీశాడు, మూలన ఆయన చెప్పు కూడా పడింది. తులసి మొదలు, దాని కింద ఎర్రమట్టి, ఎండుటాకులు నాలుగు. రెండు వేళ్ళతో పెద్దది చేసి అంగుళం అంగుళం చూశాను. కింద ఒకే మాట టైప్ చేశాడు.

"లేవు."